6 × 2.5 × 2 అడుగుల రీఫ్ ట్యాంక్, మూడేళ్ళు వాడాక నా రివ్యూ

ముందే చెప్పేస్తా, ట్యాంక్ (కోరల్స్, అంటే పగడాలు, చేపలు పెంచే ఉప్పునీళ్ళ ఆక్వేరియం) బాగుంది. చుక్క లీక్ లేదు, సిలికాన్ ఎక్కడా లేవలేదు, అద్దం ఇప్పటికీ కొత్తదానిలానే ఉంది, ఎడమ మూల ఒక గీత తప్ప, అది నా పుణ్యమే, స్క్రేపర్ కింద ఇసక రేణువు ఇరుక్కుంటే చూసుకోకుండా లాగేసా. సైజు సంగతికొస్తే మాత్రం మూడు కొలతల్లో రెండు కరెక్ట్‌గా కొట్టా, మూడోదానికి వారం వారం స్టూలెక్కి నన్ను నేనే తిట్టుకుంటున్నా. పెద్ద రీఫ్ ట్యాంక్ పెడదామనుకుని ఎంత సైజు తీసుకోవాలా అని కొట్టుకుంటున్నవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నా, కాస్త పొడుగైంది, తీరిగ్గా చదవండి.

కొలతలు చెప్తా. పొడవు 6 అడుగులు, ముందు అద్దం నుంచి వెనకద్దం దాకా వెడల్పు రెండున్నర అడుగులు, ఎత్తు 2 అడుగులు. 15 ఎంఎం గ్లాస్, ముందూ పక్కలూ లో ఐరన్ గ్లాస్ (ఆకుపచ్చ ఛాయ తక్కువుండే తేట అద్దం), పైన చుట్టూ యూరో బ్రేసింగ్ (అద్దాలు ఉబ్బకుండా అంచుల వెంట అతికించే గాజు పట్టీలు), ఓవర్‌ఫ్లో బాక్స్ (పైన కోత నుంచి పొర్లే నీళ్ళు పట్టి కిందకి పంపేది) బయట. కింద 200 లీటర్ల సంప్, అంటే పైనుంచి దిగిన నీళ్ళు చేరి మళ్ళీ పంపుతో పైకెళ్ళే రెండో ట్యాంక్. ఆర్డరిచ్చి కట్టించుకున్నది, కట్టినవాళ్ళ పేరు చెప్పను, ఎందుకో కింద మీకే అర్థమవుతుంది.

దీనికి ముందు ఐదేళ్ళు నాలుగడుగుల ట్యాంక్ నడిపా, అడుగున్నర వెడల్పు, ఎత్తు ఇదే 2 అడుగులు. అందులో రాళ్ళు పేర్చడమంటే అలమరాలో పుస్తకాలు సర్దినట్టే, వెనకద్దానికి ఆనించి పైకి కట్టుకుంటూ పోవడం, ముందు జానెడు ఇసక మిగిలితే గొప్ప. కోరల్స్ పెరిగేకొద్దీ అన్నీ ముందు అద్దం మీదకొచ్చేసేవి, నాచు గీకే మ్యాగ్నెట్ పట్టేది కాదు. యెల్లో టాంగ్ అనే పసుపు చేప ఒకటుండేది, కొన్నప్పుడు అగ్గిపెట్టంత, మూడేళ్ళకి అరచెయ్యంత అయింది, ఆ చివర్నుంచి ఈ చివరికి మూడు సార్లు తోకాడిస్తే గోడొచ్చేసేది దానికి. అప్పుడే ఫిక్సయ్యా పెద్దది కావాలని.

పెద్దది అనగానే నాకు ఎనిమిదడుగుల పిచ్చి పట్టింది. 8 × 2.5 × 2.5, లెక్కేస్తే 1,400 లీటర్లు. ఆ నంబర్ నోట్లో తిప్పుకుంటుంటేనే కిక్కు. హాల్లో నేల మీద మాస్కింగ్ టేప్ వేసి, అట్టపెట్టెలు అతికించి అదే సైజు డొల్ల ఒకటి తయారుచేసి స్టాండ్ ఎత్తులో బల్లల మీద పెట్టా. మా ఆవిడ రెండ్రోజులు ఏమీ అనలేదు, మూడో రోజు "ఇంట్లో మనం కూడా ఉంటామా?" అంది. తర్వాత పీవీసీ పైపులు కోసి అదే కొలతకి ఫ్రేమ్ కట్టి, నేనూ మా తమ్ముడూ చెరో పక్క పట్టుకుని మెట్లెక్కించి చూసాం. మలుపు దగ్గర ఇరుక్కుంది. నిలబెట్టాం, పడుకోబెట్టాం, ఏటవాలుగా తిప్పాం, ఊహూ. అసలు ట్యాంక్ అయితే ఆ మలుపులో దాన్ని మోసే మనుషులు కూడా పట్టాలి కదా. పైపులు అడ్డంగా రెండడుగులు కోసి ఆరడుగులు చేస్తే పక్కకి వంచి తిప్పితే వచ్చేసింది. నా ట్యాంక్ పొడవుని డిసైడ్ చేసింది మెట్ల మలుపు, నేను కాదు. మీరు కూడా డబ్బు కట్టేముందు ఈ పైపుల నాటకం ఒకసారి ఆడండి, అరపూట పని. గుమ్మం వెడల్పు, లిఫ్ట్ లోపలి ఐమూల కొలత, మెట్ల దగ్గర సీలింగ్ ఎత్తు, అన్నీ.

ఇక లీటర్ల మాయ. 183 × 76 × 61 సెంటీమీటర్లు, గుణిస్తే 850 లీటర్లు, కట్టినవాళ్ళు కూడా అదే రాసిచ్చారు. కానీ ఆ 850 బయటి కొలత. రెండు పక్కల అద్దం మందం తీసేస్తే లోపల 180 × 73. కింద అద్దం ఒకటిన్నర సెంటీమీటర్ పోయింది, పైన నీళ్ళు అంచుదాకా ఉండవు కదా, ఓవర్‌ఫ్లో ఎక్కడ కోస్తే అక్కడే ఆగుతాయి. నాది 54 సెంటీమీటర్ల దగ్గర ఆగింది. అంటే 710 లీటర్లు. దాంట్లో 65 కిలోల రాళ్ళు, 3 సెంటీమీటర్ల మందాన ఇసక. మొదటిసారి నింపేటప్పుడు 100 లీటర్ల డ్రమ్ముతో కొలిచి పోసా, ఆరున్నర డ్రమ్ములకి నిండిపోయింది. 850 అని కొన్న ట్యాంక్‌లో ఉన్న నీళ్ళు 650. సంప్ కూడా 200 అంటారు గానీ నడిచేటప్పుడు 130 దగ్గర ఉంటుంది, మిగతాది ఖాళీగా ఉంచాల్సిందే, కరెంట్ పోతే పైనుంచి దిగే నీళ్ళు పట్టడానికి.

ఇదంతా లెక్కల పిచ్చి అనుకోకండి, నాకు దెబ్బ తగిలాకే బుద్ధొచ్చింది. నీళ్ళు కొలిచి పోసినవాణ్ణే, అయినా ఏడాది తిరిగేసరికి మర్చిపోయి ఒకరోజు ఆల్కలినిటీ (కోరల్స్ ఒళ్ళు కట్టుకోవడానికి వాడుకునే కార్బొనేట్ల మోతాదు, డీకేహెచ్‌లలో కొలుస్తారు) 7.5 ఉంటే 8.5 చేద్దామని ట్యాంక్ 850, సంప్ 200, మొత్తం 1,050 లీటర్లు అని ఫోన్‌లో కొట్టా. ఒక డీకేహెచ్ పెరగాలంటే లీటరుకి 30 మిల్లీగ్రాముల బేకింగ్ సోడా, అంటే 31 గ్రాములు చిల్లర, కలిపి పోసేసా. ఉన్న నీళ్ళు 780 అయితే సరిపోయేది 23 గ్రాములే. సాయంత్రం టెస్ట్ చేస్తే 8.9. ఒక్క రోజులో దాదాపు ఒకటిన్నర డీకేహెచ్ ఎగిరింది, వారంలో రెండు ఆక్రోపొరాల (కొమ్మల్లా పెరిగే కోరల్స్) కొసలు తెల్లగా మాడిపోయాయి. ఆ తర్వాత స్టాండ్ తలుపు లోపల మార్కర్‌తో 780 అని పెద్దగా రాసి పెట్టుకున్నా. ఏ మందు పోసినా, ఏది డోస్ చేసినా ఆ అంకె చూసే.

ఇందాక ఓవర్‌ఫ్లో అన్నా కదా, అదే నా కంప్లయింట్. నేను ఆర్డర్లో రాసిచ్చింది పైఅంచు నుంచి మూడున్నర సెంటీమీటర్లు కిందకి కొయ్యమని. ట్యాంక్ వచ్చాక కొలిస్తే ఐదున్నర ఉంది. అడిగితే "ఏమవుద్దండీ, సేఫ్టీ కదా" అన్నారు. ఆ రెండు సెంటీమీటర్లకి 26 లీటర్ల నీళ్ళు పోయాయి సరే, అది పెద్ద బాధ కాదు, ముందు నుంచి చూస్తే నీళ్ళ గీత పైన ఖాళీ పట్టీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, బ్రేసింగ్ దాన్ని దాచట్లేదు. స్టాండ్‌కి పైన అదనపు చెక్క పట్టీ కొట్టించి కప్పా, ఆ ఖర్చు నాదే. గ్లాస్ క్వాలిటీకి, అతుకులకి ఫుల్ మార్కులు ఇస్తా, డ్రాయింగ్ చూసి కొయ్యడానికి సున్నా. మీరైతే కోతలు మొదలెట్టేముందు కొలతలన్నీ కాగితం మీద గీసి, వాళ్ళ చేత సంతకం పెట్టించి, గ్లాస్ కోసాక ఫోటో పంపమనండి, మొహమాటపడొద్దు.

బరువు గురించి జనం ఎక్కువ భయపడతారు లేదా అస్సలు పట్టించుకోరు, మధ్యలో ఉండేవాళ్ళు తక్కువ. నా లెక్క ఇది: నీళ్ళు 650 లీటర్లు, ఉప్పు నీళ్ళు కాబట్టి లీటరు 1.025 కిలోలు, అంటే 666. గ్లాసు 180, రాళ్ళు 65, ఇసక 60, ఇనప స్టాండ్ 110, నీళ్ళతో సహా సంప్ 170. మొత్తం 1,250 కిలోలు. చిన్న కారంత. ట్యాంక్ కూర్చునే జాగా 1.39 చదరపు మీటర్లు, అంటే చదరపు మీటరుకి దాదాపు 900 కిలోలు, ఇళ్ళ ఫ్లోర్లు చాలాచోట్ల చదరపు మీటరుకి 200 కిలోల లెక్కన డిజైన్ చేస్తారు. అలాగని వెంటనే కూలిపోదు, ఆ 200 గదంతా పరిచినట్టు లెక్క, ట్యాంక్ ఒక మూలే ఉంటుంది, కింద బీమ్ ఎటు పోతుంది, గోడ బరువు మోసేదా కాదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. నేను స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని తీసుకొచ్చి చూపించా, ఆయన గోడ వారగా బీమ్‌కి అడ్డంగా పెట్టమన్నాడు, పెట్టా. ఇది మాత్రం ఎవరో చెప్పారని, వాళ్ళింట్లో ఏం కాలేదని చేసే పని కాదు. నేల లెవెల్ కూడా చూసుకోండి, నాకు ఆరడుగుల్లో 4 ఎంఎం తేడా వచ్చింది, నీళ్ళు పోసాక గీత ఏటవాలుగా కనిపిస్తే గానీ తెలీలేదు, మళ్ళీ సగం తోడి స్టాండ్ కింద షిమ్‌లు (లెవెల్ కోసం పెట్టే పల్చటి ముక్కలు) కొట్టాల్సొచ్చింది.

ఎనిమిదడుగుల పిచ్చి పోయాక కూడా ఎత్తు మీద మోజు పోలేదు నాకు, 6 × 2.5 × 2.5 చేయిద్దామా అని చాలా ఊగా. నీళ్ళ ఒత్తిడి ఎత్తుని బట్టే ఉంటుంది, పొడవుతో సంబంధం లేదు, మూడడుగుల ట్యాంకైనా పదడుగుల ట్యాంకైనా రెండడుగుల లోతులో ఒత్తిడి ఒక్కటే. కానీ అద్దం మీద మొత్తం తోపుడు ఎత్తు వర్గాన్ని బట్టి పెరుగుతుంది, ఎత్తు రెట్టింపైతే తోపుడు నాలుగింతలు. నా ముందు అద్దం మీద ఇప్పుడు 54 సెంటీమీటర్ల నీళ్ళు మోపే బలం దాదాపు 270 కిలోలు, ఇంకో అరడుగు ఎత్తు పెంచి 69 చేస్తే 440 దగ్గరికి పోతుంది. అందుకే ఎత్తు పెరిగితే గ్లాసు మందం పెరగాలి, మందం పెరిగితే బరువు, ఖర్చు, ఆఖరికి మ్యాగ్నెట్లు కూడా. ఈ మ్యాగ్నెట్ల సంగతి ఎవరూ చెప్పరు. నా పాత వేవ్ మేకర్లు (నీళ్ళని కదిలించే పంపులు, అద్దానికి మ్యాగ్నెట్‌తో అతుక్కుంటాయి) 12 ఎంఎం గ్లాస్ దాకే పట్టుకుంటాయి, 15కి పెడితే మొదటి రాత్రే ఒకటి జారి ఇసకలో పడి తెల్లారేసరికి గొయ్యి తవ్వేసింది, ఇసకంతా రాళ్ళ మీద. కొత్తవి కొన్నా. నాచు గీకే మ్యాగ్నెట్ కూడా పెద్దది కొనాల్సొచ్చింది, దాని మధ్య వేలు పడితే గోరు నల్లబడటం ఖాయం, అనుభవం.

సరే, అసలు విషయం, వెడల్పు. ఈ ట్యాంక్‌లో నేను చేసిన మంచి పని ఏదైనా ఉంటే అది ముందు నుంచి వెనక్కి రెండున్నర అడుగులు తీసుకోవడం. కూర్చుని చూస్తే నాలుగడుగుల ట్యాంక్ టీవీలా ఉండేది, ఇది గదిలా ఉంది. రెండు రాళ్ళ గుట్టలు విడివిడిగా కట్టా, ఒకటి ఎడమకి పెద్దది, కుడివైపు చిన్నది, మధ్యలో ఇసక దారి కాస్త వంకరగా వెనక్కి పోతుంది, చివర మసకబారి కనిపించదు. అద్దానికీ రాయికీ మధ్య అన్నివైపులా జానెడు వదిలా, కోరల్స్ పెరిగినా మ్యాగ్నెట్ తిరుగుతుంది. 2 సెంటీమీటర్ల ముక్కగా పెట్టిన ఆకుపచ్చ ఆక్రోపొరా ఇప్పుడు రెండు అరచేతులంత అయింది, పాత ట్యాంక్‌లో అయితే ఈపాటికి అద్దానికి కొట్టుకుని ఒక పక్క చదునుగా పెరిగేది. చేపలు కూడా రాళ్ళ చుట్టూ తిరుగుతాయి, ఒక గుట్ట వెనకనుంచి మాయమై ఇంకో గుట్ట పక్కనుంచి వస్తాయి. టాంగ్‌లు పోట్లాడుకున్నా ఒకదాని కంటికి ఒకటి కనపడకుండా పోయే చోటుంది, పొడవొక్కటే ఉంటే ఆ సుఖం రాదు. అందుకే ఎవరైనా లీటర్లు ఎంత అని అడిగితే వెడల్పెంత అని తిరిగి అడుగుతా. అవే లీటర్లకి సన్నగా ఎత్తుగా ఉన్న ట్యాంకూ దొరుకుతుంది, దాంట్లో మళ్ళీ అలమరానే.

కానీ ఆ వెడల్పుకి నా చెయ్యి చాలదు. ఇది ముందే లెక్కేసుకోవాల్సింది. నా చెయ్యి చంక నుంచి వేలి చివర దాకా 66 సెంటీమీటర్లు. ముందు అంచు మీద నుంచి వెనక కింద మూలకి ఐమూలగా కొలిస్తే, లోపలి వెడల్పు 73, ఎత్తు 59, దాదాపు 94 సెంటీమీటర్లు. 28 తక్కువ. పైగా స్టాండ్ మూడడుగులు, దాని మీద ట్యాంక్ 2 అడుగులు, అంచు నా భుజం కన్నా పైనే ఉంటుంది, స్టూల్ లేకుండా ఏ పనీ కాదు.

పోయిన్నెల మాంటిపోరా అనే కోరల్ ముక్క ఒకటి జిగురూడి వెనక రాయి సందులో పడింది. పొడుగు పట్టకారుతో అరగంట ప్రయత్నించా, కొస తగుల్తుంది గానీ పట్టు దొరకదు, తగిలిన ప్రతిసారీ ఇంకాస్త లోపలికి పోతుంది. చివరికి లైట్లు పైకి కట్టేసి, స్టూల్ పైమెట్టు మీద నిలబడి, కడుపు బ్రేసింగ్ మీద ఆనించి, కుడి చెయ్యి భుజం దాటి లోపలికి పోయింది, బుగ్గ నీళ్ళ మీద, ఒక చెవిలోకి ఉప్పు నీళ్ళు. వేళ్ళకి ఏదో తగిలింది, ముక్కే అనుకుని పట్టుకున్నా, సీ అర్చిన్, ఒళ్ళంతా ముళ్ళుండే జీవి. గుచ్చుకోలేదు, అదృష్టం. ముక్క తీసా, బయటికొచ్చేటప్పుడు మోచెయ్యి తగిలి పైన ఉన్న హ్యామర్ కోరల్ తల ఒకటి విరిగింది. ఒకటి తీయబోతే ఒకటి విరిగింది. అప్పట్నుంచి వెనక వైపు ఏం పడ్డా అక్కడే దాని ఖర్మ అని వదిలేస్తున్నా.

దీనికి మందు వెడల్పు తగ్గించడం కాదని నా అభిప్రాయం, వెనక మనిషి దూరేంత చోటు వదలడం. నేను గోడకి నాలుగంగుళాలు వదిలా, పైపులకి సరిపోద్దని. అడుగున్నర వదిలుంటే వెనక నుంచి కూడా చెయ్యి పెట్టేవాణ్ణి, రెండు వైపుల నుంచి వస్తే 73లో సగమే అందుకోవాలి. గదిలో అడుగున్నర పోతుందని అప్పుడు ఏడ్చా, ఇప్పుడు రోజూ ఏడుస్తున్నా. గోడకి ఆనించక తప్పదంటే రెండడుగుల వెడల్పు మించొద్దు, చేతులు బాగా పొడుగున్నవాళ్ళైతే మీ ఇష్టం.

ఎత్తు సంగతి కూడా ఇక్కడే. 2 అడుగులు అంటే చిన్నదే కదా అనుకున్నా. 20 అంగుళాలు చాలు అని ఇప్పుడంటున్నా. పైన 4 అంగుళాల నీళ్ళు తగ్గితే చూపుకి పెద్ద తేడా ఏమీ ఉండదు, చెయ్యి ఇసక దాకా హాయిగా పోతుంది, లైట్ కూడా కిందకి బాగా దిగుతుంది. పార్ మీటర్ (కోరల్స్‌కి పనికొచ్చే వెలుతురు ఎంతుందో కొలిచేది) అప్పు తెచ్చి కొలిచా, మూడు ఎల్ఈడీ లైట్ల కింద రాళ్ళ పైభాగంలో 300, మధ్యలో ఇసక మీద 120, ముందు మూలల్లో 60, ముందు అద్దం వారగా కొన్నిచోట్ల 40. ఒక్కో లైటు రెండడుగుల చదరానికి సరిపోయేలా చేస్తారు, మూడు పెడితే ఆరడుగుల పొడవు కవరవుతుంది గానీ రెండున్నర వెడల్పుకి ముందూ వెనకా అంచులు చీకటే. వెడల్పు పెంచేవాళ్ళు లైట్ల లెక్క కూడా పెంచుకోవాలి, నేను ముందు వైపు ఒక పొడుగు ఎల్ఈడీ బార్ తగిలించా, సర్దుకుంది. ఆక్రోపొరాలు పైన, మెత్తటి కోరల్స్ కింద అనుకునేవాళ్ళకి ఈ తేడా ఒకరకంగా సౌకర్యమే, కింద మూలల్లో మష్రూమ్ కోరల్స్ తెగ పాకుతున్నాయి.

చేపల విషయంలో ఆరడుగులు అనగానే అన్నీ వేసేయొచ్చు అనుకుంటారు. షాపులో బ్లూ టాంగ్ 5 సెంటీమీటర్లు ఉంటుంది, చూస్తే ముద్దొస్తుంది, అది 30 సెంటీమీటర్ల దాకా పెరిగే చేప. నాసో టాంగ్ అయితే 45. నా లోపలి పొడవు 180, రాళ్ళు తీసేస్తే ముందు వైపు ఈదే దారి ఒకటే. నాసో వెయ్యలేదు, బ్లూ టాంగ్ కూడా వద్దనుకున్నా, పాత యెల్లో టాంగ్, ఒక కోలె టాంగ్, క్లౌన్ జంట, ఐదు ఆంథియాస్, అలా ఉంది నా జనాభా. క్రోమిస్ చేపలు ఏడు తెచ్చి గుంపుగా తిరుగుతాయని వేసా, ఒకదాన్నొకటి తరుముకుని ఏడాదికి రెండు మిగిలాయి, ట్యాంక్ పెద్దదైనా వాటి బుద్ధి మారలేదు.

పెద్ద ట్యాంక్‌లో చేపని పట్టడం గురించి ఒక మాట చెప్పకపోతే పాపం తగుల్తుంది. సిక్స్ లైన్ రాస్ ఒకటి వేసా మొదట్లో, వేలంత చేప, రెండు నెలల తర్వాత కొత్తగా ఎవరొచ్చినా కొట్టడం మొదలెట్టింది. తీసేద్దామని వల పెట్టా. 180 సెంటీమీటర్ల ట్యాంక్, రెండు గుట్టలు, వంద సందులు. నేను కుడికి వస్తే అది ఎడమకి, రెండు వలలు పెడితే మధ్యలో సందులోకి దూరి నిద్రపోయింది. బాటిల్ కోసి ట్రాప్ చేసా, క్లౌన్‌లు రెండూ వెళ్ళి హాయిగా తిని బయటికొచ్చాయి, ఇది బయట నుంచి చూస్తూ కూర్చుంది. మూడు వారాలు. చివరికి నేనే ఓడిపోయా. చిన్న ట్యాంక్‌లో అయితే రాళ్ళు తీసి పక్కన పెట్టి పట్టేసేవాణ్ణి, ఇక్కడ 65 కిలోల రాళ్ళు, వాటి మీద కోరల్స్, కదిలించే ముచ్చటే లేదు. ఏప్టేషియా (కోరల్స్‌ని కుట్టే, కలుపులా పెరిగే ఆనిమోన్) వచ్చినా అంతే, రాయి బయటికి తీసి శుభ్రం చెయ్యడం కుదరదు. ఏది లోపల వేస్తున్నామో వేసేముందే ఆలోచించుకోవాలి, సైజు పెరిగేకొద్దీ వెనక్కి తీసుకోవడం కష్టం.

పెద్ద ట్యాంక్ నిలకడగా ఉంటుంది అంటారు కదా, సగం నిజం. టెంపరేచర్ మెల్లగా మారుతుంది, ఒక చేప చచ్చి రెండ్రోజులు కనపడకపోయినా అమ్మోనియా అంతగా ఎగరదు, అది నిజమే. కానీ ఒకసారి పాడైతే బాగుచెయ్యడం కూడా అంతే మెల్లగా. నైట్రేట్ (చేపల వ్యర్థాల నుంచి నీళ్ళలో పేరుకునేది) 40 దాటినప్పుడు సగం దించడానికి నాకు రెండు నెలలు పట్టింది. ఇంకోటి, నీళ్ళు ఆవిరవడం లీటర్లని బట్టి కాదు, పైన నీళ్ళు పరుచుకున్న చోటుని బట్టి. వెడల్పు పెంచితే అదీ పెరుగుతుంది. నాకు రోజుకి 9, 10 లీటర్లు పోతాయి, చల్లబడాలని ఫ్యాన్ వేస్తే 14. పోయేది మంచినీళ్ళు, ఉప్పు లోపలే ఉంటుంది, కాబట్టి రోజూ అన్ని లీటర్ల ఆర్ఓ డీఐ నీళ్ళు (ఫిల్టర్‌లో లవణాలు తీసేసిన శుద్ధమైన నీళ్ళు) ఆటో టాప్ ఆఫ్ (ఆవిరైనంత తనే నింపే పరికరం) పొయ్యాల్సిందే. టాప్ ఆఫ్ డబ్బా 25 లీటర్లది కొన్నా తెలీక, రెండ్రోజులకోసారి నింపుకుంటూ ఊరెళ్ళాలంటే భయం, తర్వాత 80 లీటర్లది పెట్టా. గది గోడకి చెమ్మ కూడా పట్టింది, ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించా.

నీళ్ళు మార్చడమే అసలు పరీక్ష. మొదటిసారి నింపడానికి 780 లీటర్ల ఆర్ఓ డీఐ కావాలి, నా మెంబ్రేన్ రోజుకి 280 ఇస్తుందని రాసుంది, ఇచ్చేది అంత లేదు, నాలుగు రోజులు రాత్రీపగలూ నడిచింది. ఒక లీటరు మంచివి రావాలంటే నాకు మూడు లీటర్లు వేస్ట్ పోతాయి, అంటే 2,300 లీటర్లు, తెలివుంటే పట్టి బట్టలకీ కడగడానికీ వాడుకోవచ్చు, రెండో రోజు నుంచి పట్టా. 35 పీపీటీకి (వెయ్యి భాగాల నీళ్ళలో 35 భాగాల ఉప్పు) ఉప్పు 28 కిలోలు పట్టింది. ఇప్పుడు వారానికి 10 శాతం, అంటే 80 లీటర్లు, దాదాపు 3 కిలోల ఉప్పు. పాత ట్యాంక్‌కి రెండు బకెట్లు మోసేవాణ్ణి, మొదటి నెల దీనికీ బకెట్లతోనే చేసి నడుం పట్టేసింది. తర్వాత చక్రాల డ్రమ్ము, చిన్న పంపు, పైపు. సంప్‌లోంచి తీసి సంప్‌లోకే పోస్తా, 40 నిమిషాల పని. ట్యాంక్ సైజు డిసైడ్ చేసుకునేముందు వారానికి ఎన్ని లీటర్లు మార్చగలరో నిజాయితీగా ఒక అంకె రాసుకుని దాన్ని పదితో గుణించండి, అదే మీ సైజు. ఆ లెక్కన ఎనిమిదడుగులది తెచ్చుకునుంటే నేను ఈపాటికి అమ్మకానికి పెట్టేవాణ్ణి.

సంప్ గురించి రెండు ముక్కలు. కరెంట్ పోతే ఓవర్‌ఫ్లో అంచు దాకా పైన నీళ్ళు దిగుతాయి, నా పైభాగంలో రెండున్నర సెంటీమీటర్లు దిగితే 33 లీటర్లు, పైపుల్లోవి అదనం. సంప్‌లో ఆ చోటు లేకపోతే నేల మీదే. నింపిన రోజే మెయిన్ ఆఫ్ చేసి చూసుకోండి, రెండుసార్లు. హెర్బీ పద్ధతిలో రెండు పైపులు (ఒకటి నీళ్ళు దించడానికి, ఇంకోటి అది మూసుకుపోతే ఆదుకోవడానికి), వాల్వ్ తిప్పి సెట్ చేసాక చప్పుడే లేదు. హీటర్లు మాత్రం 300 వాట్లవి రెండు పెట్టా, ఒకటి ఇరుక్కుని ఆగకపోయినా చేపలు ఉడికిపోకూడదని.

మళ్ళీ ఆర్డరిస్తే 6 × 2.5 అడుగులు, 20 అంగుళాల ఎత్తు, గోడకి అడుగున్నర దూరం, వెనకద్దం కూడా లో ఐరన్, ఓవర్‌ఫ్లో కోత పక్కద్దానికి. అదే కట్టినవాళ్ళని ఊరికే అడిగి చూసా, 20 అంగుళాలు వాళ్ళ లెక్కలో లేని ఎత్తంట, గ్లాసు వేస్ట్ పోతుంది కాబట్టి 24 రేటే తీసుకుంటామన్నారు. ఇస్తా గానీ ఈసారి కోత దగ్గర నేనే టేపు పట్టుకుని నిలబడతా అన్నా. నవ్వారు, సీరియస్‌గానే అన్నానని వాళ్ళకి తెలీదు.